జైళ్లకీ బందెలదొడ్డి పాటేనా?

జైళ్లని ప్రైవేటు కంపెనీలకి అప్పజెప్పాలంట. పట్నాల్లో చదువుకున్న పెద్దలు కొందరు ఈ మాట మళ్లీ మళ్లీ ఎత్తుతున్నారు. ప్రభుత్వ జైళ్లు కిక్కిరిసిపోయాయి, కూడు బాగుండదు, మరుగుదొడ్లు కంపు, చిల్లర దొంగగా లోపలికి పోయినవాడు గజదొంగై బయటికొస్తున్నాడు. అదే కంపెనీవాడైతే శుభ్రంగా కట్టిస్తాడు, పని నేర్పిస్తాడు, చదువు చెప్పిస్తాడు, యోగా చేయిస్తాడు, మనిషిగా మార్చి పంపిస్తాడు. ఇదీ వాళ్ల వాదం. వినటానికి ఇంపుగానే ఉంది. తమ పిల్లలు ఏనాడూ ఆ జైల్లోకి పోరని నమ్మకం ఉన్నవాళ్లకి ఇంకా ఇంపుగా ఉంటుంది.

ప్రభుత్వ జైళ్లని మేం వెనకేసుకు రావటం లేదు. 2022 చివరినాటి ప్రభుత్వ లెక్కే చూడండి. దేశం మొత్తం మీద జైళ్లలో ఉన్నవాళ్లు 5,73,220 మంది. నూరుమంది పట్టే చోట 131 మందిని కుక్కారు. అందులో 4,34,302 మందికి ఇంకా శిక్షే పడలేదు. అంటే నలుగురిలో ముగ్గురు విచారణ కోసం ఎదురుచూస్తూ లోపల మగ్గుతున్నవాళ్లు. బెయిలు వచ్చినా పూచీకత్తు ఇచ్చే దిక్కులేక ఉండిపోయినవాళ్లు కూడా అందులో ఉన్నారు. మొత్తం ఖైదీల్లో ఐదుగురికి ఒకరు దళితులు. ఇక ఆదివాసీలు, ముస్లింలు, వెనకబడిన కులాల పేదల్ని కలిపి చూస్తే జైలంటే ఎవరి ఇల్లో ఎవరూ చెప్పక్కర్లేదు. జైళ్లు నరకాలన్న మాట మనకి ఇంకొకరు నేర్పాలా? మన గూడేల్లో అది ప్రతి ఇంటి కథే.

అయితే రోగం ఒకటి, మందు ఒకటి. జైలు నిండిపోయిందంటే ఖాళీ చెయ్యాల. గుత్తకి ఇవ్వటం ఏంది?

గుత్త అంటే ఏంటో పల్లెటూళ్లో పుట్టినవాడికి చెప్పాల్సిన పని లేదు. వెనక ఊళ్లలో బందెలదొడ్డికి పాట పెట్టేవాళ్లు. చేలో పడ్డ పశువుని తోలుకొచ్చి దొడ్లో కడితే, సొంతదారు బందె కట్టి విడిపించుకోవాల. పాట పాడుకున్నవాడికి ఆ బందెల డబ్బే రాబడి. మరి వాడు పశువు చేలో పడేదాకా ఆగుతాడా? గట్టు మీద మేసేదాన్నీ తోలుకుపోతాడు. డొంకలో పోయేదాన్నీ తోలుకుపోతాడు. పెద్దకాపు ఎద్దు జోలికి పోడు, పోతే వీపు పగుల్తుంది. మాలపల్లె, మాదిగపల్లె గేదె మటుకు వారానికి రెండుసార్లు దొడ్లో ఉంటుంది. పశువులు చేలో పడకుండా ఉండాలని ఊరంతా కోరుకోవచ్చు. పాటగాడు మాత్రం కోరుకోడు.

తలకింత అని డబ్బు తీసుకుని జైలు నడిపేవాడి సంగతీ అంతే. నేరాలు తగ్గితే వాడి దుకాణం మూత. ఖైదీ మారి ఇంటికి పోతే ఒక తల లెక్క తగ్గుతుంది. ఖైదీని సంస్కరించటం వాడి పని అంటున్నారు, ఖైదీ లేకపోవటం వాడికి నష్టం అంటున్నారు. ఈ రెండూ ఒకే ఒరలో ఎట్టా ఇముడుతాయి?

ఇదేదో అమెరికా నుంచి దిగుతున్న కొత్త సరుకనుకుంటున్నారు. కాదు. మన కోస్తా జిల్లాల్లో నూరేళ్ల కిందటే చేసి చూసిన పని ఇది. విజయవాడ నుంచి గూడూరు పోయే రైలెక్కితే బాపట్లకి చీరాలకి నడుమ స్టూవర్టుపురం అని చిన్న స్టేషను వస్తుంది. ఆ ఊరు ఊరుగా పుట్టలేదు, జైలుగా పుట్టింది. 1913-14 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం ఎరుకల కుటుంబాలని తెచ్చి అక్కడ పెట్టింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ అనే దొర పేరు దానికి పెట్టారు. నడిపింది మాత్రం ప్రభుత్వం కాదు. రక్షణ సైన్యం, అదే సాల్వేషన్ ఆర్మీ అనే మత సంస్థకి అప్పజెప్పారు. గుంటూరు జిల్లా సీతానగరంలోనూ ఆ సంస్థదే ఇంకో సెటిల్మెంటు. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది, బాడెన్ అనే దొర దాని పెత్తందారు. ప్రభుత్వం భూమి ఇచ్చేది, డబ్బు ఇచ్చేది, పోలీసుని ఇచ్చేది. మనుషుల్ని కూడా ఇచ్చేది. ప్రైవేటువాడు కాపలా కాసి, పని చేయించి, సంస్కరించేవాడు. ఇప్పుడు కొత్తగా చెప్తున్న పథకంలో ఇంతకన్నా ఏముంది?

ఆ ఎరుకలవాళ్లు చేసిన నేరం ఏమిటి? ముందు ఈ సంగతి మన పిల్లలకి చెప్పాల. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు గనక పంతుళ్లమైన మేమే చెప్పుకోవాల.

ఎరుకలవాళ్లు వర్తకులు. గాడిదల మీద, ఎద్దుల మీద సముద్రం ఒడ్డు ఉప్పుని లోపలి ఊళ్లకి మోసి, అక్కణ్ణుంచి ధాన్యం తెచ్చేవాళ్లు. బుట్టలల్లేవాళ్లు, ఎరుక చెప్పేవాళ్లు. 1805లో ఇంగ్లీషువాళ్లు మద్రాసు రాజధానిలో ఉప్పుని తమ గుత్త చేసుకున్నారు. తర్వాత రైళ్లొచ్చాయి, బిడారుల పని పోయింది. 1876-78 ధాత కరువులో పశువులు చచ్చాయి. 1882 అడవి చట్టంతో వెదురు కొట్టుకొస్తే దొంగతనం అయింది. బతుకు నాలుగు వైపులా కట్టేసి, ఇక తిరిగేవాళ్లంతా దొంగలే అన్నారు. మీనా రాధాకృష్ణ అనే పరిశోధకురాలు 2001లో అచ్చేసిన ఇంగ్లీషు పుస్తకంలో ఈ కథంతా రికార్డులు తవ్వి రాశారు. ఇంగ్లీషు వచ్చిన కార్యకర్తలు చదివి, మిగతావాళ్లకి చెప్పాల్సిన పుస్తకం.

1871లో నేరస్త తెగల చట్టం ఉత్తరాదిలో మొదలుపెట్టి, 1911లో మద్రాసుకి తెచ్చారు. ఒక కులం కులాన్నే నేరస్తులని ప్రభుత్వం గెజిట్లో రాసేస్తే చాలు. దాన్ని ఏ కోర్టూ ప్రశ్నించకూడదని ఆ చట్టంలోనే రాసుకున్నారు. వేలిముద్రలు వెయ్యాల. హాజరు పలకాల. చీటీ లేకుండా హద్దు దాటితే వారంటు అక్కర్లేకుండానే పట్టుకుంటారు. 1924 చట్టం ప్రకారం ఆరేళ్లు దాటి పద్దెనిమిది నిండని పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే చోట పెట్టొచ్చు. ఆ చట్టం పట్టీలో ఉన్న కొన్ని నేరాలకి రెండోసారి శిక్ష పడితే ఏడేళ్లకి తగ్గకుండా జైలు, మూడోసారైతే జీవితాంతం ద్వీపాంతరం. పుట్టుకతోనే నేరం అంటే ఎవరి శాస్త్రం ఇది? మనువుది కాదా? దొర కొత్తగా కనిపెట్టలేదు. పుట్టుకని బట్టి పని, పుట్టుకని బట్టి పాపం అని ఈ దేశపు పైకులాలు చెప్పిన మాటని ఇంగ్లీషులోకి మార్చి గెజిట్లో అచ్చేశాడు, అంతే.

ఇక సంస్కరణ సంగతి. రక్షణ సైన్యం తరఫున దీనికంతా సూత్రధారి బూత్ టక్కర్ అనే ఆయన. ఐ.సి.యస్. ఉద్యోగం వదిలి 1882లో ఆ సంస్థ పనిని ఈ దేశానికి తెచ్చినవాడు, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకుని కాషాయం కట్టినవాడు. 1908లో గోరఖ్‌పూర్‌లో డోములతో సెటిల్మెంటు మొదలెట్టాడు. నేరం ఒక రోగం, మా దగ్గర మందుంది అని ప్రచారం చేశాడు. ఆ మందు ఏంటంటే పని. ఎవరి పని? స్టూవర్టుపురం పక్కనే చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీ లేచింది. ఇంగ్లీషు సిగరెట్ల కంపెనీవాళ్లదే అది. దానికి కూలీలు కావాల. బయట కూలీ అయితే గిట్టకపోతే మానేస్తాడు, ఎక్కువ అడుగుతాడు, ఊరికి పోతాడు. సెటిల్మెంటు కూలీ ఎక్కడికి పోతాడు? పోతే పోలీసు పట్టుకొచ్చి జైల్లో వేస్తాడు. ఆ మనుషుల్ని ఆ కంపెనీలో పనికి పెట్టి, దానికి సంస్కరణ అని పేరు పెట్టారు. కావలిలో రాళ్లు కొట్టించి దాన్నీ సంస్కరణే అన్నారు. ఉప్పు బిడారు నడిపి నాలుగు జిల్లాల లెక్కలు నోటితో చెప్పగలిగినవాడికి పొగాకు దుమ్ము పీల్చటం నేర్పితే అది బాగుచెయ్యటం ఎట్టా అవుతుంది?

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాల. మా పాఠకుల్లో చాలామంది క్రైస్తవులు. మాలో చాలామందికి అక్షరం పెట్టింది మిషన్ బడి. మా అమ్మానాన్నలు వేలిముద్రగాళ్లు. ఊరి బళ్లో గుమ్మం దాటనివ్వని రోజుల్లో మిషన్ పంతులు పలక చేతికివ్వబట్టి మాలో మొదటి డిగ్రీ వచ్చింది, ఈ కాగితం మీద రాసే చెయ్యి వచ్చింది. ఆ మేలు మరిచేవాళ్లం కాదు. స్టూవర్టుపురంలో కూడా బడి పెట్టారు, వైద్యం చేశారు, కొందరు దొరసానులు ప్రేమగానే చూసుంటారు. కానీ బడి వేరు, బందెలదొడ్డి వేరు. తలుపు తీసి ఉన్నంతసేపే అది బడి. బయట గొళ్లెం పెట్టి, ఆ గొళ్లెం తాళం పొగాకు కంపెనీకి పనికొచ్చాక లోపల బైబిలు చదివించినా, భగవద్గీత చదివించినా, యోగా చేయించినా అది జైలే. మంచివాళ్లు నడిపారు గదా అనే వాదం మాకు చెప్పొద్దు. అంత మంచివాళ్ల చేతుల్లోనే ఇట్లా తయారైన పని, లాభం కోసమే పుట్టిన కంపెనీ చేతుల్లో ఏమవుతుందో ఆలోచించండి.

మరి ఫలితం ఏమిటి? మద్రాసులో 1947లో చట్టం పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. పేరు నేరస్త తెగల నుంచి విముక్త జాతులకి మారింది. కానీ పోలీసు రికార్డులో ఊరు పేరే నేరమై కూర్చుంది. అలవాటు నేరస్తుల చట్టాలని రాష్ట్రాలు చేసుకున్నాయి, ఆంధ్రప్రదేశ్ 1962లో చేసుకుంది. ఎక్కడ దొంగతనం జరిగినా అక్కడికే జీపు. 1991లో ఒకే ఏడాది ఆ ఊరి పేరు మీద రెండు సినిమాలు తీశారు, ఒకటి పోలీస్ స్టేషను, ఒకటి దొంగలు. 2023లో ఇంకొకటి టైగర్ నాగేశ్వరరావు పేరుతో వచ్చింది. ఆ ఊళ్లో చదువుకుని ఉద్యోగం చేసేవాళ్లున్నారు, సేద్యం చేసేవాళ్లున్నారు. వాళ్ల మీద సినిమా తియ్యరు. నూరేళ్ల సంస్కరణ ఆ బిడ్డలకి మిగిల్చింది, ఉద్యోగానికి పోయి ఊరి పేరు చెప్పాలంటే జంకే బతుకు.

అదే ఊళ్లో జైలు లేకుండా, గుత్త లేకుండా పనిచేసినవాళ్లూ ఉన్నారు. 1970లలో హేమలతా లవణం, లవణం దంపతులు అక్కడికి పోయి, ఇళ్లలో కూర్చుని, మాట్లాడి, పిల్లల చదువులు చూసి, పోలీసు వేధింపుల నుంచి మనుషుల్ని బయటికి తెచ్చే పని చేశారు. హేమలత మన గుర్రం జాషువా బిడ్డ. ఆ పని మీద మాకూ విమర్శ ఉంది. దొంగతనం మానమని చెప్తే సరిపోదు, మానినవాడికి భూమి కావాల. అయినా తలకింత అని ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు, ఎవర్నీ గొళ్లెం వెనక పెట్టలేదు. మనిషి మారటం అనేది ఉంటే ఆ దారిలోనే ఉంటుంది.

ఆ స్టూవర్టుపురానికి కూతవేటు దూరంలోనే చీరాల. 1985 జులై 17న కారంచేడులో మనవాళ్లని నరికినప్పుడు ప్రాణాలు అరచేత పెట్టుకుని వచ్చి శిబిరం వేసుకున్నది ఆ చీరాలలోనే. చంపినవాళ్ల కులాన్ని నేరస్త కులమని ఏ గెజిటన్నా రాసిందా? 1991లో చుండూరు జరిగాక రాసిందా? రాయలేదు, రాయమని మేమూ అడగం. పుట్టుకని బట్టి నేరం అంటగట్టటం ఎవరి మీదైనా తప్పే. కానీ ఈ దేశంలో అది ఎవరి మీద మాత్రమే జరిగిందో చూడమంటున్నాం.

ఇప్పుడు అమెరికా సంగతికొద్దాం. ప్రైవేటు జైలంటే అక్కడే కదా ఉదాహరణ చూపిస్తారు. 1983లో టెన్నెసీ రాష్ట్రంలో మొదటి పెద్ద జైలు కంపెనీ పుట్టింది. 2016లో పేరు మార్చుకుని ఇప్పటికీ నడుస్తోంది. 2013లో అక్కడి పరిశోధకులు 62 ఒప్పందాలు తీసి చూస్తే, 41 ఒప్పందాల్లో ఒక షరతు కనపడింది. నూటికి ఎనభై నుంచి నూరు దాకా మంచాలు నిండి ఉండేట్టు ప్రభుత్వమే పూచీ పడాల, తగ్గితే ఖాళీ మంచాలకి కూడా డబ్బు కట్టాల. నేరాలు తగ్గినందుకు ప్రభుత్వం జరిమానా కట్టటం ఎక్కడన్నా విన్నారా? పెన్సిల్వేనియాలో లుజర్న్ అనే జిల్లాలో ఇద్దరు జడ్జీలు పిల్లల ప్రైవేటు జైలు కట్టినవాళ్ల దగ్గర, నడిపినవాళ్ల దగ్గర ఇరవై ఎనిమిది లక్షల డాలర్లు తిని, పిల్లల్ని ఆ జైలుకి తోలారు. బడిలో పెద్ద టీచరు మీద ఎగతాళి రాసిన ఆడపిల్లని కూడా తోలారు. అది బయటపడి 2011లో ఒక జడ్జికి 28 ఏళ్ల శిక్ష పడింది. బందెలదొడ్డి పాటగాడు గట్టు మీద గేదెని తోలుకుపోయినట్టే లేదూ?

అక్కడ జనాభాలో నల్లవాళ్లు నూటికి పదమూడు మంది. జైళ్లలో నూటికి ముప్పైకి పైన. బానిసత్వం రద్దు చేసిన 1865 సవరణలోనే నేరానికి శిక్షగా తప్ప అని ఒక సందు పెట్టుకున్నారు. విడుదలైన బానిసల్ని చిన్న చిన్న నేరాల మీద పట్టుకుని తోటలకి, గనులకి అద్దెకిచ్చారు. మన ఎరుకలవాళ్లని పొగాకు కంపెనీకి పంపింది కూడా అట్లాంటి సందులోంచే. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ జైలుని నడపలేక కంపెనీ చేతులెత్తేస్తే 2018లో ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. ఇజ్రాయెల్‌లో 2009లో అక్కడి సుప్రీంకోర్టు ప్రైవేటు జైలు చట్టాన్నే కొట్టేసింది. మనిషి స్వేచ్ఛని లాభం చూసుకునేవాడి చేతిలో పెట్టటం ఆ మనిషి గౌరవానికి భంగం అని చెప్పింది. చూపించే ఉదాహరణలన్నీ పూర్తిగా చూపించమనండి.

మన దేశంలో ఇప్పటిదాకా ప్రైవేటు జైలు లేదు. జైళ్లు రాష్ట్రాల చేతిలో ఉన్న విషయం, అందుకని ఏ రాష్ట్రమైనా రేపు తలుపు తెరవొచ్చు. సంస్కరణ పేరుతో మనుషుల్ని పోగుచేసే అలవాటు ప్రభుత్వాలకీ ఉంది. 2017 నవంబరులో అమెరికా అధ్యక్షుడి కూతురు హైదరాబాదు వస్తోందని బిచ్చగాళ్లందర్నీ ఏరి, చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకి తరలించారు. దానికి పునరావాసం అని పేరు. జైల్లో పని చేయించుకుంటే న్యాయమైన కూలి ఇవ్వాలని 1998లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా జైలు లోపల కులం ఎట్టా ఉందో 2024 అక్టోబరు 3న అదే కోర్టు ఇచ్చిన తీర్పు చూస్తే తెలుస్తుంది. సుకన్యా శాంత అనే జర్నలిస్టు వేసిన కేసది. ఊడ్చే పని ఫలానా కులాలకి, వంట పని పైకులాలకి అని పలు రాష్ట్రాల జైలు నియమాల్లో అచ్చేసి ఉంది! సంచార తెగలవాళ్లని, విముక్త జాతులవాళ్లని అలవాటు నేరస్తుల కింద చూసే రాతలూ ఉన్నాయి. అవన్నీ చెల్లవని కోర్టు కొట్టేసింది. కోర్టు ముందు జవాబు చెప్పాల్సిన ప్రభుత్వమే డెబ్బై ఏళ్లు ఇట్లా నడిపింది. కంపెనీ గోడ వెనక ఏం జరుగుతుందో మనకి ఎవడు చెప్తాడు? సమాచార హక్కు కింద అర్జీ పెడితే వ్యాపార రహస్యం అంటాడు.

ఇక మనం చెయ్యాల్సిన పని. జైలు ఖాళీ చెయ్యటం గురించి మాట్లాడాం గదా, దానికి చట్టంలో దారి ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 479వ సెక్షను ఉంది. ఒక నేరానికి చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణలోనే లోపల గడిపినవాణ్ణి బెయిలు మీద వదలాల. అంతకు ముందు ఎప్పుడూ శిక్ష పడనివాడైతే మూడో వంతు చాలు. ఉరి, యావజ్జీవం పడే నేరాలకి ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులు నడుస్తున్నవాళ్లకీ వర్తించదు, అందుకే పోలీసులు ఒకే మనిషి మీద రెండు మూడు కేసులు రాస్తారు, అది కనిపెట్టి ఉండాల. కాలం పూర్తయిందని కోర్టుకి రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. రాయకపోతే మనం అడగాల. షెడ్యూల్డు కులాలు, తెగలవాళ్లకి, జైల్లో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టం చెప్తోంది. ఫోను నంబరు 15100.

ప్రతి గూడెంలో, ప్రతి ఎరుకల, యానాది కాలనీలో మనవాళ్లు ఎవరు లోపలున్నారో ఒక కాగితం మీద రాయండి. పేరు, ఏ జైలు, ఏ కేసు, ఏ సెక్షన్లు, ఏ తారీఖున పట్టుకెళ్లారు, ముందు శిక్ష ఉందా లేదా, పూచీకత్తు ఇచ్చేవాళ్లున్నారా లేదా. చదువురాని ఇంటికి బడి పిల్లల్ని వెంటబెట్టుకుపోయి రాయించండి. సెక్షన్ల సంగతి అర్థం కాకపోతే కేసు కాగితం నకలు తీయించండి, చాలు. ఆ కాగితం జిల్లా న్యాయ సేవల సంస్థలో ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. రెండో ప్రతి మన దగ్గరుండాల.